రంగం కబురు

మోదుగ కాడలు మూడు వందల అరవై కావాలన్నాడు పంతులు. లోవలక్ష్మి మూడు వందల డెబ్బై తెచ్చింది. కట్టేటప్పుడు ఒకటో రెండో విరిగితే మళ్ళీ అడవి దాకా ఎవరు పోతారు? ఏళ్ళ తరబడి అడ్డాకుల విస్తళ్ళు కుట్టిన చెయ్యి కాబట్టి పుచ్చినవాటిని ఏరి అవతల పారేసి, వంకరవాటిని సాపు చేసి, పదేసి చొప్పున అరటినారతో కట్టి అరుగు మీద వరసగా పేర్చింది. తలకి ఇన్ని, రొమ్ముకి ఇన్ని, కాళ్ళకి ఇన్ని అని పంతులు చెప్పిన లెక్క పెదాల మీదే ఉంది. మొగుడి ఒళ్ళు తన చేత్తో తనే కట్టుకోవాలా అని ఒకటి రెండుసార్లు అనుకుంది గానీ, పని మాత్రం ఆపలేదు.

కొండబాబు ఓడెక్కి, ఊళ్ళో రంగం అనే రంగూన్ వెళ్ళి ఈ వైశాఖానికి పన్నెండేళ్ళు నిండాయి. ఓడెక్కాడని చూసినవాళ్ళు చెప్పిన మాటే గానీ, ఉత్తరం ముక్క లేదు. వాళ్ళ కులంలో కట్టుబాటు ఒకటుంది. పన్నెండేళ్ళు కబురు లేని మనిషికి మోదుగ కాడలతో ఒళ్ళు కట్టి దహనం చేస్తే, వాడు పోయినట్టే. ఆ తరవాత పెళ్ళాం ఇష్టమైతే మారుమనువు వెళ్ళొచ్చు. దహనం కానంతవరకూ అది వాడి పెళ్ళామే, వాడు ఏ లోకంలో ఉన్నా సరే. ముప్ఫై ఏళ్ళ లోవలక్ష్మి అలా పన్నెండేళ్ళుగా రాని మొగుడికి పసుపు రాసుకుంటూ, అత్త దేవుడమ్మతో కలిసి నర్సీపట్నంలో విస్తళ్ళు కుట్టి బతుకుతోంది. నెల్లాళ్ళ కింద బాలన్న కబురంపాడు, నువ్వు సరేనంటే నేను చేసుకుంటాను అని. బాలన్న వరసకి బావ. పద్నాలుగేళ్ళ కిందట ఒకసారి అడిగితే, ఎడ్లు లేని ఇంటికి పిల్లనివ్వనని లోవలక్ష్మి తండ్రి పొమ్మన్నాడు. తరవాత అతనూ రంగూన్ వెళ్ళి సంపాదించుకుని ఐదేళ్ళ కింద తిరిగొచ్చాడు. ఇప్పుడు బాలన్నకి ఎడ్లూ ఉన్నాయి, బండీ ఉంది. పెళ్ళాం మాత్రం కిందటేడు పురిట్లో పోయింది.

పొద్దు బారెడెక్కగానే అప్పలనరసింహం నాయుడు వచ్చాడు. కులపెద్ద. ఆయన చెడ్డవాడైనా బాగుండును, వెనకాల తిట్టుకునేది. మంచివాడు. కాడల కట్టలు చూసి "బాగా ఎంచేవమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా. అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించి దేవుడమ్మ కేసి తిరిగాడు.

"దేవుడమ్మా, నీ కొడుకు కబురు ఆఖర్న ఎప్పుడొచ్చింది?"

దేవుడమ్మ గుమ్మంలో కూర్చుని తడిగుడ్డతో ఆకులు తుడుస్తోంది. ఈ తంతంటే ఆమెకి మొదట్నించీ గిట్టదు. బతికున్నవాణ్ణి తగలెడతారా అని వారం రోజులుగా కోడలితో మాటల్లేవు. ఆ ప్రశ్న వినగానే ముసలి ముఖం విప్పారింది.

"బాలన్న సెప్పలేదేటి బాబూ? ఐదేళ్ళయింది. ఆడు రంగంలో నా కొడుకుని సూసేడు. సూడ్డవేటి, పక్కన కూకోని బువ్వ తిన్నాడు. ఒళ్ళు సేసేడంట నా కొడుకు. కాళ్ళకి జోళ్ళు కూడానంట."

ఒళ్ళు చేశాడన్నది గానీ, జోళ్ళ సంగతి గానీ బాలన్న అననే లేదు. అవి దేవుడమ్మ ఐదేళ్ళుగా ఒక్కొక్కటే చేర్చుకున్నవి.

నాయుడు వేళ్ళు ముడిచాడు. "ఐదేళ్ళు. అయితే ఇంకా ఏడేళ్ళున్నాదన్నమాట."

"ఏటి బాబూ ఏడేళ్ళు?" అంది లోవలక్ష్మి.

"కబురు లేని పన్నెండేళ్ళమ్మా. మనిషి ఎల్లిన కాడ్నుంచి కాదు, ఆఖరి కబురొచ్చిన కాడ్నుంచి ఎంచాల. నిన్న పెద్దలం కూకుని అదే అనుకున్నాం. బాలన్న సూసేడంటే ఆ రోజుకి కొండబాబు ఉన్నట్టే గదా. ఉన్నోణ్ణి తగలెడితే ఆ పాపం మాకు సుట్టుకుంటాది." ఆయన లేచి పైగుడ్డ దులుపుకున్నాడు. "ఏడేళ్ళెంతసేపమ్మా, ఇట్టే ఎల్లిపోతాయి."

వెళ్ళిపోయాడు. దేవుడమ్మ వారం తరవాత మొదటిసారి కోడలి ముఖం చూసి నవ్వింది. "సూసేవా, నాను సెప్పలేదేటి?" అని, లేచి, ఆ కట్టలన్నీ చంకనెత్తుకుని పక్కింటివాళ్ళ మేకకి వేసేసింది. మేక తీరిగ్గా నమిలింది.

లోవలక్ష్మి అరుగు మీద అలాగే కూర్చుండిపోయింది. ఏడేళ్ళకి ముప్ఫై ఏడు. బాలన్న అంతవరకూ ఆగుతాడా? ఆగమని అడగడానికైనా తనకి నోరెక్కడిది? ఎందుకంటే ఆ కబురు ఉత్త అబద్ధం. దాన్ని బాలన్న నోట పెట్టింది తనే.

ఐదేళ్ళ కిందట దేవుడమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గంజి పోస్తే కక్కేసేది. కొడుకు లేని తిండి నాకొద్దంది. సరిగ్గా అప్పుడే బాలన్న రంగూన్ నుంచి దిగాడు. ఇంటికి వస్తుంటే లోవలక్ష్మి వీధి మొదట్లోనే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. 'బావా, ఏటీ అడక్కు. ఆణ్ణి సూసేనని, బాగున్నాడని ఒక్క ముక్క సెప్పు. లేకపోతే ముసిల్ది దక్కదు' అంది. బాలన్న ఏదో అనబోయి, ఆగి, తలూపి లోపలికెళ్ళాడు. ఆ సాయంత్రం దేవుడమ్మ లేచి కూర్చుని గిన్నెడు గంజి తాగింది. మంచిపని చేశాననుకుని లోవలక్ష్మి సంబరపడింది కూడా.

ఆ గిన్నెడు గంజి ఇప్పుడు తన మెడకి చుట్టుకుంది.

*

మర్నాడు సంత. కొండల మీంచి ఆకుల మోపులు దిగాయి. గున్నమ్మ అనే కొండమనిషి ఎప్పుడూ లోవలక్ష్మికే మోపు తెస్తుంది. దించి, చెమట తుడుచుకుంటూ సంగతి విని ముక్కు మీద వేలేసుకుంది.

"మీకు ఏడేళ్ళు, పన్నెండేళ్ళు అని లెక్కలేటమ్మా? మా కాడ మొగోడు రాకపోతే రానట్టే. ఇంకోడు వొచ్చి అడిగితే ఎల్తాది."

"మీకేం, హాయి" అంది లోవలక్ష్మి. నిజంగానే అంది.

ఆకుల మోపు అక్కడే వదిలి సంత చివరికి నడిచింది. బాలన్న విస్తళ్ళ కట్టలు బండికెత్తి మోకు బిగిస్తున్నాడు. వాటిని నర్సీపట్నం రోడ్డు స్టేషనుకి తోలడం అతని పని. పెద్దల మాట అతనికి అప్పటికే చేరింది. ఆమెని చూసి ఎడ్లకి గడ్డి ముందుకు జరిపాడు గానీ తలెత్తలేదు.

"బావా, పెద్దల కాడికెల్లి నిజం సెప్పేద్దాం" అంది లోవలక్ష్మి. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు గబగబా అప్పజెప్పింది. "నువ్వు ఆణ్ణి సూళ్ళేదని, నానే అలగ సెప్పమన్నానని ఒప్పేసుకుంటాను. తిడితే తిడతారు. కబురే లేదంటే పన్నెండేళ్ళూ నిండినట్టే గదా."

"సూళ్ళేదంటే అబద్ధమవుతాది లోవా."

"ఏటి?"

బాలన్న మోకు కొస ముడేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ వేశాడు. "సూసేను. ఆడు నా కాడే పోయేడు. యుద్ధం ఆగిన ఏడు రంగమంతా జొరాలు. మా ధాన్యం మిల్లులో రోజుకిద్దరు ముగ్గురు పోయేవోరు. ఆడు నాలుగు రోజులున్నాడు. నానే కొరివెట్టేను."

సంత గోలంతా అలాగే ఉంది. ఎవరో చింతపండు బుట్టల దగ్గర పోట్లాడుకుంటున్నారు. లోవలక్ష్మి బండి చక్రం పట్టుకుని నిలబడింది. ముందు ఆమెకి వచ్చింది ఏడుపు కాదు, లెక్క. యుద్ధం ఆగిన ఏడు. అంటే ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళు ప్రతి శుక్కురవారం తలంటుకుని పసుపు రాసుకుంది. ఎనిమిదేళ్ళు వీధిలో అడుగుల చప్పుడైతే చెవి అటు వేసింది.

"సచ్చినోడికి పసుపు రాసుకున్నాన్రా ఎనిమిదేళ్ళు" అంది. 'బావా' అన్న నోటితోనే 'రా' అంది. "ఐదేళ్ళై ఈ ఊళ్ళోనే తిరుగుతున్నావు. మా అరుగు మీద కూకోని మా సేతి బువ్వ తిన్నావు. ఒక్కనాడు నోరు రాలేదేటి నీకు?"

"ఆ కబురు సెప్పడానికే వొచ్చేను ఆ రోజు. నువ్వు నోరు తెరవనిచ్చేవా?"

ఆమె చక్రం మీంచి చెయ్యి తీసేసింది.

"ఆ పూట ముసిల్ది గంజి తాగుతుంటే సూసి, రేపు సెప్దాం, ఎల్లుండి సెప్దాం అనుకున్నాను. అంతలో మావోళ్ళు నాకు పెళ్ళి సేసేసేరు. ఇంక నీకు సెప్పి ఏటి సేసేది, బొట్టు సెరిపేసి మూల కూకోమనా? నా పెళ్ళాం పోయేక సెప్దామంటే, ఇప్పుడు నాను ఏది సెప్పినా నా కోసమే సెప్పినట్టుంటాది." మోకు కొస వదిలేశాడు. "పిరికోణ్ణి లోవా. అంతకంటే ఏటీ లేదు."

లోవలక్ష్మికి కోపం ఆరలేదు. రెండేళ్ళు కాపరం చేసిన మనిషి నీళ్ళకవతల ఎక్కడో బూడిదైపోయాడు; వాడి ముఖం గుర్తు తెచ్చుకుందామని చూస్తే పూర్తిగా రానే రావడం లేదు. దానికీ దుఃఖం వచ్చింది. ఆ దుఃఖంలోనే, ఇన్నేళ్ళూ అటు చెవి వెయ్యక్కర్లేకపోయిందే అని ఒళ్ళు మండింది. ఇంత జరిగినా, ఎదురుగా తలొంచుకుని ఉన్న ఈ మనిషి తనకి కావాలి. అదే ఆమెని మరీ బాధపెట్టింది.

"నీ మాట ఎవులు నమ్ముతారు?" అంది చివరికి.

"ఆడు పోయేముందు ఒక మాట సెప్పేడు. ఆడికీ ఆడి తల్లికీ తప్ప ఇంకెవులికీ తెలీదు. అది పెద్దల ముందు సెప్తాను. దేవుడమ్మ పిన్ని కాదనలేదు."

*

మూడో రోజు నాయుడి పశువుల శాల ముందు చాపలు పరిచారు. పెద్దలు ఐదుగురు కూర్చున్నారు. దేవుడమ్మకి పెద్దమనిషని పీట వేశారు. లోవలక్ష్మి గోడవారగా నిలబడింది. బాలన్న నడుముకి గుడ్డ చుట్టుకుని చేతులు కట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జ్వరం, నాలుగు రోజులు, కొరివి. దేవుడమ్మ నేల చూస్తూ విన్నది. రెప్ప వెయ్యలేదు.

నాయుడు చుట్ట పక్కన పెట్టాడు. "బాలన్నా, ఐదేళ్ళ కింద ఉన్నాడన్నావు. ఇప్పుడు పోయేడంటన్నావు. కిందటేడు దాకా నీకు పెళ్ళాం ఉన్నాది. ఇప్పుడు లేదు. మేం ఏటనుకోవాల?"

చాపల మీద ఒకరిద్దరు నవ్వారు.

"ఆ అబద్ధం నానే సెప్పించేను బాబూ" అంది లోవలక్ష్మి. "అత్త సచ్చిపోతాదేమోనని."

అది చెప్తే అంతా తేలిపోతుందని ఆమె అనుకుంది. పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అంటే ఐదేళ్ళ కిందట్నుంచీ ఇద్దరూ ఒకటేనన్నమాట" అని ఒకాయన మెల్లిగా అన్నాడు. ఆ మాట చాప ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది. లోవలక్ష్మి గోడకి ఇంకా దగ్గరగా జరిగింది. నిజం చెప్పినకొద్దీ ఊబిలోకి దిగబడుతోంది.

"రుజువున్నాది" అన్నాడు బాలన్న. దేవుడమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "పిన్నీ, తప్పట్టుకోకు. ఆడు సెప్పిందే సెప్తన్నాను. ఓడెక్కే ముందు బలిఘట్టం ఏటి ఒడ్డున నువ్వు నీ సేతి కడియాలు తీసి ఆడికిచ్చేవంట. 'ఇయ్యి అమ్ముకుని ఓడెక్కు, పోయిన ఎడ్లు మళ్ళీ కొనుక్కునేటంత సంపాదించుకుని రా' అన్నావంట. లోవకి సెప్పొద్దన్నావంట. ఆ ముక్క ఆడు జొరంలో పదిసార్లు అన్నాడు."

లోవలక్ష్మి గోడని వదిలి నిటారుగా నిలబడింది. కడియాలు దొంగలెత్తుకుపోయారని కదా ఆ ఏడంతా దేవుడమ్మ ఏడ్చింది. మొగుడు చెప్పాపెట్టకుండా పోతే, పెళ్ళాం నోటికి జడిసి పోయాడని వీధి వీధంతా అన్నది. నీళ్ళ దగ్గర అన్నారు, సంతలో అన్నారు. అది వింటూ పన్నెండేళ్ళు, తాను ఆ ముందురోజు వాడినేమన్నదా అని ఒక్కొక్క మాటా తవ్వి చూసుకుంది. పులుసులో ఉప్పెక్కువైందని వాడంటే, తినకపోతే మానెయ్ అన్నది. అదే కారణమేమోనని ఎన్ని రాత్రిళ్ళు కుమిలిందో.

"దేవుడమ్మా, నిజమేనా?" అన్నాడు నాయుడు.

దేవుడమ్మ తలెత్తింది. అందరినీ చూసింది గానీ కోడలి వైపు మాత్రం చూడలేదు. "నాను ఎవులికీ ఏటీ ఇవ్వలేదు. కడియాలు దొంగలెత్తుకుపోయేరు. నా కొడుకు రంగంలో ఉన్నాడు. జోళ్ళేసుకుని తిరుగుతున్నాడు."

ఆమె అబద్ధమాడుతోందని ఆ ముఖం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ మొగుడు చచ్చాడన్న పెళ్ళాన్నీ, ఆ పెళ్ళాన్ని కోరుకునేవాణ్ణీ నమ్మి, కన్నతల్లి మాట తోసెయ్యడం ఏ కులపెద్ద వల్ల అవుతుంది? తీర్పు ముందే ఉంది. ఏడేళ్ళు ఆగాలి. అంతవరకూ బాలన్న లోవలక్ష్మి వీధి తొక్కకూడదు. నాయుడు ఆ మాట చెప్పేటప్పుడు నిజంగానే నొచ్చుకున్నాడు.

*

అత్తాకోడళ్ళు ఇంటికొచ్చారు. ఇంకా పొద్దుంది కాబట్టి లోవలక్ష్మి ఆకులు ముందేసుకుని కూర్చుంది. నడిమి ఆకు పరిచి, చుట్టూ ఆకు మీద ఆకు వేసి, పుల్ల గుచ్చి, బొటనవేలి గోటితో పుటుక్కున విరవడం. గుచ్చడం, విరవడం. అడగాలని ఉంది. నన్ను ఊరంతా అంటుంటే పక్కనే ఎలా కూర్చున్నావత్తా అని గొంతు చించుకుని అడగాలని ఉంది. అడిగి ఎక్కడికి పోవాలి? ఈ గుమ్మంలోనే, ఈ ముసలిదాని పక్కనే, ఇంకా ఏడేళ్ళు కూర్చోవాలి కదా. పుల్ల వేలిలో దిగింది. నెత్తురు చీరకి తుడుచుకుని ఇంకో ఆకు తీసింది.

దేవుడమ్మ పొయ్యి దగ్గర అంబలి కాస్తోంది. ఇటు తిరక్కుండానే అడిగింది.

"నీళ్ళేటైనా అడిగేడంటా?"

లోవలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

"ఎవులత్తా?"

"ఆడే. పోయేముందు." గరిటె తిప్పుతూనే ఉంది. "సిన్నప్పుడు జొరమొస్తే నీళ్ళు నీళ్ళని సంపేసేవోడు. పొయ్యకపోతే ఊరుకునేవోడు కాదు."

ఆ క్షణాన ఒక అబద్ధం లోవలక్ష్మి నాలుక మీదికి వచ్చి కూర్చుంది. అడిగాడు, బాలన్న తాగించాడు, హాయిగా కన్ను మూశాడు. ఎంత సులువు. ముసలిదానికి ఈ పూట అంబలి దిగుతుంది. ఐదేళ్ళ కింద కూడా ఇంత సులువుగానే వచ్చింది.

"నాకు తెలీదత్తా" అంది. "నాను అడగలేదు. తెలిసినోడు బాలన్నొక్కడే. ఆణ్ణి ఈ వీధి తొక్కొద్దన్నారు."

దేవుడమ్మ గరిటె వదిలేసింది. అంబలి పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

తెల్లవారుతూనే వీధిలో కేక వినబడి లోవలక్ష్మి దిగ్గున లేచింది. పక్క మీద అత్త లేదు. బయటికి పరిగెత్తింది. దేవుడమ్మ వీధి మధ్య మట్టిలో కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుంది. రెండు చేతులూ నేలకేసి కొడుతూ, పోయినవాళ్ళకి పెట్టే శోకం పెడుతోంది.

"కొడుకా కొండబాబూ, నాకు కొరివెడతావనుకుంటే నీకెవులో ఎట్టేర్రా కొడుకా. నా సేతి కడియాలు నీకిచ్చి నానే పంపేన్రా కొడుకా. ఏటి ఒడ్డున నానే పొమ్మన్నాన్రా. నీ పెళ్ళాం ఒక్క మాటనలేదురా, తప్పు దాని మీద ఏసి నాను దాక్కున్నాన్రా కొడుకా..."

తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే పెట్టుకుని వచ్చారు. ఒకామె బిందెడు నీళ్ళు తెచ్చింది. శోకం విన్నాక ఆ వీధిలో పొయ్యి వెలగదు. తల్లి నోట శోకం వచ్చాక ఆ ఇంట చావు జరిగినట్టే. దానికి పెద్దలు కూర్చోనక్కర్లేదు, ఏళ్ళు ఎంచనక్కర్లేదు. ఈ సంగతి కులపెద్దకంటే బాగా ఎవరికి తెలుసు? అప్పలనరసింహం నాయుడు వచ్చి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, గోడవారగా నిలబడ్డాడు.

లోవలక్ష్మి అత్త పక్కన మట్టిలో కూలబడింది. ఎనిమిదేళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. కొండబాబు కోసమా, తన కోసమా, ఈ పాపిష్టి ముసలిదాని కోసమా అని తేల్చుకునే ఓపిక లేదు. దేవుడమ్మ ఏడుస్తూనే కోడలి తల తన భుజానికి లాక్కుంది.

"నీకు కొరివెట్టినోడు ఏడిరా కొడుకా, ఆణ్ణి పిలవండర్రా, నా బిడ్డ ఆఖర్న ఏటన్నాడో ఆడు సెప్పాల..."

నాయుడు గొంతు సవరించుకున్నాడు. పక్కనున్న మనిషితో, "బాలన్నని తీసుకురా, బేగి. నాను రమ్మన్నానని సెప్పు" అన్నాడు.

బాలన్న వచ్చాడు. బండి కట్టబోతూ వచ్చినట్టున్నాడు, చేతిలో ములుకోల ఉంది. నిన్నటి తీర్పు గుర్తొచ్చి వీధి మొదట్లో ఆగాడు. నాయుడు రమ్మని చెయ్యి ఊపాడు. జనం దారిచ్చారు. అతను వచ్చి దేవుడమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె శోకం ఆపి, కొంగుతో ముఖం తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగింది.

"నీళ్ళడిగేడేటి నాయనా?"

"అడిగేడు పిన్నీ."

"పోసేవా?"

"అడిగినన్నిసార్లూ పోసేను."

దేవుడమ్మ తలూపింది. ఇంకా చాలా వినాల్సి ఉంది. నాలుగు రోజుల సంగతి. కోడలి వీపు మీద చెయ్యి వేసి పక్కకి తట్టింది.

"కాస్త జరగవే. ఆణ్ణి కూకోనీ."